అమ్మ ఈగ, అత్త ఈగ

మా మరదలు మా అత్తగారికీ, తన అత్తగారికీ పెళ్ళి చేసింది. అవును, ఒకరికొకరిని ఇచ్చి. ఇద్దరికీ ఎనభై దాటాయి, ఇద్దరూ ఆడవాళ్ళే, ఒకరి పొడ ఒకరికి గిట్టదు. అయినా చేసింది. నేను కళ్ళారా చూశాను.

సరే, పెళ్ళి అనడం కొంచెం ఎక్కువైంది. చేసింది అనడం కూడా. ఆ పెళ్ళి ఎప్పుడో, మనిషనేవాడు పుట్టకముందే, ఒక చెట్టు మీద జరిగిపోయింది. మా మరదలు ఆలస్యంగా కనిపెట్టింది, అంతే. మిగిలినదంతా నిజం. నేను కాన్వెంటులో చదువుకున్నవాణ్ణి. అబద్ధం చెబితే నాలుక మీద నల్లమచ్చ పడుతుందని మా సిస్టర్ చెప్పేది. అప్పటినుంచి రోజూ పొద్దున్నే అద్దం ముందు నాలుక చాపి చూసుకుంటున్నాను. ఇంకా పడలేదు.

మరదలంటే మా ఆవిడ చెల్లెలు. ఒకే భవనంలో కింది అంతస్తు మాది, పై అంతస్తు వాళ్ళది. అత్తగారు మా దగ్గరే ఉంటారు. పై ఇంట్లో మరదలి అత్తగారు. ఆవిడ ఒకప్పుడు ఆడపిల్లల బడికి హెడ్మిస్ట్రెస్. ఉద్యోగం నుంచి ఆవిడ రిటైరయ్యారు గాని ఆవిడలోంచి ఉద్యోగం రిటైరవలేదు. అందుకని నేను కూడా హెడ్మిస్ట్రెస్‌గారనే పిలుస్తాను. ఆవిడ ఎదురుపడితే మెట్ల మీద ఇప్పటికీ చేతులు కట్టుకుని పక్కకు జరుగుతాను.

మా మరదలిది మ్యూజియంలో ఉద్యోగం. టిక్కెట్టు కొని జనం తిరిగే హాళ్ళలో కాదు. తిమింగలం ఎముకల వెనక ఒక చిన్న తలుపు ఉంటుంది. ఆ తలుపు తీసుకుని వెళితే నేల నుంచి పైకప్పు దాకా సొరుగులున్న గది, కిటికీ పక్కన ఒక బల్ల. ఆ బల్ల దగ్గర కూర్చుని ఆమె చచ్చిన ఈగలను వర్ణిస్తుంది. అందుకే ఆఫీసులో ఆమెను ఈగలమ్మ అంటారు. నిన్న మొన్న చచ్చిన ఈగలు కావవి. కోట్ల ఏళ్ళ కిందట ఏదో చెట్టు కార్చిన జిగురు మీద వాలి, కాలు ఊడదీసుకోలేక అందులోనే మునిగిపోయినవి. ఆ జిగురు మట్టిలో పడి, గట్టిపడి, తేనెరంగు రాయి అవుతుంది. దాన్నే అంబర్ అంటారు. ఆ ఈగల వంశం మొత్తం భూమ్మీద అంతరించిపోయినా, లోపలున్నది మాత్రం కాలి వెంట్రుకతో సహా ఇప్పుడే వాలినట్టు ఉంటుంది.

ముక్క చేతికొచ్చేటప్పుడు మురికి గులకరాయిలా ఉంటుంది. సన్నటి రంపంతో కోసి, తడిపిన గరుకు కాగితం మీద రుద్దీ రుద్దీ ఈగకు వెంట్రుకవాసి దూరంలో ఆగాలి. ఒక్క రుద్దు ఎక్కువైందా, ఈగ తల పొడై నీళ్ళలో కలిసిపోతుంది. మా మరదలు ఆ పని చేసేటప్పుడు ఊపిరి కూడా పొదుపుగా పీలుస్తుంది. తరవాత తోలు మీద మెరుగు పెట్టి, ఒక చుక్క నూనె వేసి, పైన గాజు పలక పెట్టి మైక్రోస్కోపు కిందికి తోస్తుంది. అప్పుడు మొదలవుతుంది రాయడం. మీసానికి ఎన్ని కణుపులు, రెక్కలో ఏ నరం ఎక్కడ చీలింది, వీపు మీద ముళ్ళు ఎన్ని వరసలు, ఏ వరస కాస్త వంకర. ఆ ఈగను జన్మలో చూడనివాడు కూడా చదివి గుర్తుపట్టాలి. అదీ నియమం.

ఈ నియమం ఈగలకే. ఒకసారి రైల్వేస్టేషన్లో మా తోడల్లుడు, అంటే ఆమె భర్త, జనంలో తప్పిపోయాడు. మైకులో చెప్పడానికి గుర్తులేమిటమ్మా అని అడిగారు. "మామూలు ఎత్తండి. మామూలు రంగు. కళ్ళజోడు..." అని ఆగి, నా వైపు తిరిగి, "పెట్టుకుంటారు కదా బావా?" అంది.

ఇక పెళ్ళి కథకు వస్తాను.

చాలా ఏళ్ళ కిందట ఆమెకు రెండు అంబర్ ముక్కల్లో, అంతకుముందు ఎవరూ వర్ణించని రెండు ఈగలు దొరికాయి. ఒకదానికి ముందుకాళ్ళు ఒక కణుపు దగ్గర ఉబ్బి, చేతి తొడుగులు వేసుకున్నట్టు ఉన్నాయి. రెండోదాని కాళ్ళ పొడుగునా ఈకల్లాంటి వెంట్రుకల అంచు. కొత్త జాతిని మొదట వర్ణించినవాళ్ళే దానికి పేరు పెడతారు. తన పేరు తను పెట్టుకుంటే నలుగురూ నవ్వుతారు. ఇంకెవరి పేరైనా పెట్టవచ్చు. మా మరదలు కూతురూ, కోడలూ ఒకే ఒంట్లో కాపురం ఉంటున్న మనిషి. ఉబ్బుకాళ్ళదానికి అత్తగారి పేరు, ఈకల కాళ్ళదానికి అమ్మ పేరు, లాటిన్ తోకలు తగిలించి పెట్టింది. ఒకదాని తరవాత ఒకటి అచ్చువేయిస్తే నాది ముందా నీది ముందా అన్న తగువు వస్తుందని, రెండింటినీ ఒకే వ్యాసంలో, ఒకే రోజున, ఎదురెదురు పేజీల్లో వేయించింది. బొమ్మలు కూడా ఒకే కొలత. స్కేలు పెట్టి కొలిచింది నేనే. కొలవమన్నది మా అత్తగారు.

ఇంట్లో వాటికి అమ్మ ఈగ, అత్త ఈగ అనే పేర్లు స్థిరపడ్డాయి. హెడ్మిస్ట్రెస్‌గారు తన ఈగ బొమ్మకు ఫ్రేము కట్టించి హాల్లో తగిలించారు. "ఆ చేతులు చూడండి. క్రమశిక్షణ తెలిసిన చేతులు" అనేవారు వచ్చినవాళ్ళతో. ఆ ఈగ మగదని మా మరదలికి మొదటి రోజునుంచీ తెలుసు. మగ ఈగకైనా ఆడవాళ్ళ పేరు పెట్టవచ్చు, తప్పేమీ లేదు. కాని ఆ సంగతి హెడ్మిస్ట్రెస్‌గారికి ఎవరు చెబుతారు? కిక్కురుమనకుండా ఊరుకుంది.

మా అత్తగారి సంగతి వేరు. ఆవిడ వయసులో ఉన్నంతకాలం ఒక బట్టల కంపెనీకి గౌన్లు కుట్టారు. ఎంత బాగా కుట్టినా మెడ వెనక పట్టీ మీద కంపెనీ పేరే ఉండేది. ఇంటి తలుపు మీద మొదట మామగారి పేరు, ఇప్పుడు నా పేరు. లోకం మొత్తం మీద ఆవిడ పేరున్న వస్తువు ఆ ఈగ ఒక్కటే. మీటరు రీడింగు తీసుకోవడానికి వచ్చినవాణ్ణి కూడా గోడ దగ్గరికి తీసుకెళ్ళి, "ఇది నేను" అని చెప్పి పంపేవారు.

ఇలా రెండు అంతస్తుల్లో రెండు ఈగలు ప్రశాంతంగా ఉండగా, మొన్నటి వానల్లో మ్యూజియంకు కొత్త ముక్కలు వచ్చాయి. అందులో ఒకదాన్ని మరదలు రుద్దుతుంటే లోపల రెండు ఈగలు కనిపించాయి. కలిసి.

ఈ రకం ఈగల్లో మగది ఆడదాని దగ్గరికి ఉత్త చేతులతో రాదు. ఏ చిన్న పురుగునో పట్టి, ముందుకాళ్ళ ఉబ్బులోంచి తీసిన పట్టుదారంతో చుట్టి, పొట్లం కట్టి తెస్తుంది. ఆడది ఆ పొట్లం విప్పుకు తింటున్నంతసేపూ మగది తన పని చూసుకుంటుంది. సరిగ్గా ఆ సమయంలో జిగురు బొట్టు వాటి మీద పడింది. పొట్లం కూడా అలాగే ఉంది. పైన ఉన్నది ఉబ్బుకాళ్ళ ఈగ. కింద ఉన్నది ఈకల కాళ్ళ ఈగ. అంటే, పైన పై అంతస్తు, కింద కింది అంతస్తు.

మరదలికి సంగతి అర్థమైంది. అవి రెండు జాతులు కావు, ఒకే జాతిలో మగదీ ఆడదీను. పాత అమ్మ ఈగ ముక్కలో రెక్క మీద మీగడలాంటి తెల్లటి పొర ఒకటి ఉంది. దాని కింద నరం చీలినట్టు కనిపించి వేరే జాతి అనుకుంది. ఆ నరం చీలలేదు.

ఒక జాతికి రెండు పేర్లు ఉండకూడదు. ముందు అచ్చయిన పేరు నిలుస్తుంది, తరవాతది రద్దవుతుంది. అలా అయి ఉంటే ఎవరూ ఎవరినీ అనడానికి లేదు. కాని రెండూ ఒకే వ్యాసంలో, ఒకే రోజున అచ్చయితే? అప్పుడు ఆ పొరపాటును అచ్చులో మొదట దిద్దినవాళ్ళు ఏ పేరు ఎంచుకుంటే అదే నిలుస్తుంది. పక్షపాతమన్న నింద రాకూడదని ఆమె చేసిన ఏర్పాటే, అమ్మా అత్తా అన్న ఎంపికను తెచ్చి ఆమె నెత్తిన పెట్టింది.

ఆ సాయంత్రం మా వంటింట్లోకి వచ్చి కూర్చుంది. నేను టీ కాస్తున్నాను.

"బావా, నీకో సంగతి చెబుతా. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి."

"వేశాను."

"వెయ్యలేదు. వేశానన్నావంతే."

వేశాను. చెప్పింది. టీ నా ముక్కులోకి పోయింది.

"నవ్వకు బావా! అమ్మ పేరు తీసేస్తే అమ్మ ఏమైపోతుందో చెప్పు. అత్తయ్య పేరు తీసేస్తే నేనేమైపోతానో నువ్వు చెప్పక్కర్లేదు."

"ఎవరి పేరూ తియ్యకు. ఆ ముక్కను ఏ సొరుగులోనో వెనక్కి తోసెయ్యి. నీ గదిలో సొరుగులకేం తక్కువ?"

"ఇన్ని కోట్ల ఏళ్ళు దాక్కుని ఇప్పటికి బయటికొచ్చాయి. మళ్ళీ నేను దాచెయ్యనా? తప్పు రాసింది నేను. తెలిసి కూడా దిద్దకపోతే నేను రాసిన మిగతా ఈగల్ని ఎవడు నమ్ముతాడు?"

"అయితే ఇంకెవరిచేతనైనా దిద్దించు. ఎంపిక వాళ్ళది, తిట్లు వాళ్ళవి."

ఈ సలహా ఆమెకు కాస్త నచ్చినట్టుంది. మర్నాడు తన పక్కబల్ల ఆయన్ను అడిగింది. ఆయన అంబర్‌లో చీమలను వర్ణిస్తాడు. అందరూ చీమలాయన అంటారు. తన పేరు కూడా ఆయనకు ఇప్పుడు గుర్తున్నట్టు లేదు.

"అమ్మా ఈగలమ్మా," అన్నాడట ఆయన దండం పెట్టి, "నా చీమల ఇంట్లో పెద్దావిడ ఒక్కతే. అందుకే సుఖంగా ఉన్నా. నన్ను మీ మెట్లెక్కించకు తల్లీ."

నేను మాత్రం ఒట్టు తప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు చెప్పాను గాని, భార్యాభర్తలిద్దరూ ఒక్కటేనని కాన్వెంటులోనే నేర్పారు. మనకు మనం చెప్పుకుంటే అది చెప్పినట్టు కాదు. ఆవిడ వాళ్ళమ్మకు చెప్పడం ఆవిడ సొంత వ్యవహారం. వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పి కూడా మరిచిపోయి మెట్లెక్కడం, పైనుంచి హెడ్మిస్ట్రెస్‌గారు దిగడం, మెట్ల మధ్యలో ఇద్దరూ కలుసుకోవడం, వీటిలో దేనికీ నేను బాధ్యుణ్ణి కాను.

మర్నాడు పొద్దున మా అత్తగారు మంచి బట్టలు కట్టుకుని హాల్లోకి వచ్చారు.

"అల్లుడుగారూ, టాక్సీ పిలవండి."

"ఎక్కడికి అత్తయ్యగారూ?"

"మ్యూజియంకు. నన్ను చూసుకురావాలి."

హెడ్మిస్ట్రెస్‌గారు అప్పటికే గుమ్మంలో నిలబడి గడియారం చూసుకుంటున్నారు. టాక్సీలో నన్ను మధ్యలో కూర్చోబెట్టారు.

"వదినగారూ, మీ సంచీ గుచ్చుకుంటోంది," అన్నారు మా అత్తగారు నా మీదుగా.

"కాస్త సర్దుకోండి వదినగారూ. ఇంకాసేపట్లో మనిద్దరిలో ఒకరు ఎలాగూ ఉండరు."

తలుపు తీసి మా ముగ్గుర్నీ చూడగానే మరదలు "బావా" అంది. ఆ రెండక్షరాల్లో అన్ని తిట్లు పడతాయని నాకప్పుడే తెలిసింది.

"అతన్నేం అనకు," అన్నారు హెడ్మిస్ట్రెస్‌గారు. "మా పేర్లు మాకు తెలియకుండా తీసేస్తావా? చూపించు."

ముందు మా అత్తగారు స్టూలెక్కారు. కళ్ళజోడు తీసి, పెట్టి, మళ్ళీ తీసి, మైక్రోస్కోపు మీదికి వంగారు.

"అబ్బ! ఎంత వెలుగే లోపల! నేనేది, కింద ఉన్నదా?"

"అవునమ్మా."

"పైన వదినగారా?"

"ఊఁ."

"నా నెత్తినెందుకెక్కారే?"

చీమలాయనకు ఉన్నట్టుండి దగ్గు వచ్చి బయటికి వెళ్ళిపోయాడు.

"జరగండి వదినగారూ," అని హెడ్మిస్ట్రెస్‌గారు వంగి చూశారు. పరీక్ష పేపరు దిద్దినంతసేపు చూశారు. తల ఎత్తకుండానే అడిగారు:

"ఇది ఏం చేస్తోంది?"

"పొట్లం ఇస్తోందత్తయ్యా," అంది మరదలు.

"పొట్లం సంగతి కాదు. వెనకవైపు."

మరదలు కిటికీలోంచి బయటికి చూసింది. నేను పైకప్పు చూశాను.

"అంటే, నేను మగదాన్నా?"

"మీరు కాదత్తయ్యా. ఈగ."

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

"హాల్లో తగిలించాను! వచ్చినవాళ్ళందరికీ చూపించాను! ఆడపిల్లల బడి నడిపిన మనిషిని!"

"పోనీలెండి వదినగారూ," అన్నారు మా అత్తగారు ఎంతో మర్యాదగా. "ఉత్త చేతులతో రాలేదుగా. ఇన్నేళ్ళలో మీరు మా ఇంటికి ఒక పొట్లం పట్టుకురావడం నేను చూడ్డం ఇదే మొదలు."

హెడ్మిస్ట్రెస్‌గారి ముఖం ఎర్రబడింది. "నా పేరు తీసెయ్యమ్మాయ్. ఈ భాగోతానికి నా పేరు వద్దు."

"అదేంటి, పెద్దవారు మీరు. నా పేరే తీసేస్తుంది. తీసెయ్యవే," అన్నారు మా అత్తగారు.

"ముందు చెప్పింది నేను. నాదే తియ్యాలి."

"అమ్మా, అత్తయ్యా," అంది మరదలు నీరసంగా, "సిగ్గేసిందని పేర్లు వెనక్కి తీసుకోవడం కుదరదు. ఎవరో ఒకరు ఉండి తీరాలి."

మా అత్తగారు తీసెయ్యమని అన్నారే గాని, మళ్ళీ స్టూలెక్కేశారు. కన్ను మైక్రోస్కోపుకు ఆనించి, రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చున్నారు. ఆ కింద ఉన్న ఈకల కాళ్ళ ఈగను ఇక చూడనివ్వరేమోనన్నట్టు చూస్తున్నారు. "ఈ కాళ్ళ అంచు ఎంత సన్నటి పనో! ఇలా కుట్టాలంటే నాకు పూట పట్టేది," అని తనలో తను అనుకున్నారు. వద్దులే టీచర్ అంటూ బిస్కెట్టు డబ్బా వైపు చూసే పిల్లలు హెడ్మిస్ట్రెస్‌గారికి కొత్త కాదు.

తరవాత బల్ల మీద ట్రేలో ఉన్న పాత అమ్మ ఈగ ముక్క పక్కనున్న చిన్న చీటీ తీసి, దూరంగా పట్టుకుని చదివారు.

"ఇది వదినగారి పేరు, సరే. దాని పక్కన మన ఇంటిపేరెందుకుంది?"

"వర్ణించినవాళ్ళ ఇంటిపేరు అత్తయ్యా. ఈగ పేరు వెనకాలే రాస్తారు. నాది మీ ఇంటిపేరే కదా."

"ఎప్పటికీ ఉంటుందా?"

"ఉంటుంది."

"నువ్వు వర్ణించిన ప్రతి ఈగకీనా?"

"ప్రతిదానికీ."

హెడ్మిస్ట్రెస్‌గారు చుట్టూ చూశారు. నేల నుంచి పైకప్పు దాకా ఉన్న సొరుగులను, అసెంబ్లీలో పిల్లలను చూసినట్టు, ఒక్కొక్క వరసే చూశారు. నడుము నిటారుగా నిలబెట్టారు.

"వదినగారి పేరే ఉంచు. ఆవిడకు ఒక్క ఈగ. మా ఇంటికి సొరుగులకు సొరుగులు."

"చూశారా అల్లుడుగారూ," అన్నారు మా అత్తగారు స్టూలు మీంచి. "ఇచ్చేటప్పుడు కూడా పై అంతస్తులోంచే ఇస్తారు!" కళ్ళజోడు తుడుచుకున్నారు. కిందికి దిగడానికి హెడ్మిస్ట్రెస్‌గారి చెయ్యి పట్టుకున్నారు. టాక్సీ ఎక్కేదాకా ఆ చెయ్యి వదల్లేదు. నేల నున్నగా ఉండి భయమేసిందని తరవాత నాతో అన్నారు. నేల మీద గరుకు చాప పరిచి ఉందని నేను అనలేదు. తిరుగు ప్రయాణంలో కూడా నేను మధ్యలో కూర్చోబోతే, "మీరు ముందు కూర్చోండి అల్లుడుగారూ, ఇరుకు," అన్నారు.

మరదలు వ్యాసం రాసింది. రెండు ఈగలూ ఒకటేనని, తను అప్పట్లో పొరబడ్డానని, నిలిచే పేరు ఫలానా అని మూడు ముక్కల్లో తేల్చేసింది. ఆ పేరే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలన్న నియమం లేదట. ఆమె చెప్పలేదు. మరీ అంత పొదుపు నాకు నచ్చక, ఆ లోటు తీర్చడానికి ఇదంతా రాసి, నిన్న ఆమెకు చదవమని ఇచ్చాను. నిలబడే చదివింది, ఎక్కడా నవ్వలేదు. కాగితాలు నా ఒళ్ళో పడేసింది.

"ఇందులో ఒక్క ముక్క కూడా జరగలేదు బావా. అమ్మ గాని, అత్తయ్య గాని ఏనాడూ మ్యూజియంలో అడుగు పెట్టలేదు. అసలు నేను ఏ ఈగకూ మనిషి పేరు పెట్టనే లేదు."